కంప్యూటర్‌లో లేని పేజీ

పరిశోధనశాలలో అందరూ ఆమెను పిచ్చుక అనేవారు. పొద్దున్నే వచ్చి, గింజలేరుకున్నట్టు చడీచప్పుడు లేకుండా పని చేసుకుపోయేది. ఎనిమిది నెలలు కష్టపడి ఒక కొత్త పదార్థం తయారుచేసింది. గోరంత సీసాలో చిటికెడు పసుపుపచ్చ స్ఫటికాలు. సోమవారం కమిటీ ముందు పెడితే ఆమె పరిశోధన సీటు ఇంకో రెండేళ్లు నిలుస్తుంది. లేదంటే సామాను సర్దుకోవాల్సిందే.

శుక్రవారం ఆమె పరిశోధనకు గైడు అయిన సార్ ఆమెను పాత పత్రికల గదికి పంపారు. "కొత్తదని రాసేముందు ఇంకోసారి వెతుకు" అన్నారు.

"ఏం పిచ్చుకా, దారి తప్పావా?" లైబ్రరీ బాబాయ్ కళ్లజోడు పైకెత్తాడు.

"కంప్యూటర్‌లో వెతికాను బాబాయ్. ఏమీ రాలేదు."

"అందులో ఎక్కించినవి మొన్నమొన్నటివేగా! అంతకుముందు వాళ్లు చేతులు ముడుచుకు కూర్చున్నారా ఏంటి?"

నవ్వుదామనుకుంది గానీ నవ్వు పెదవి దాటలేదు. పాత పత్రికల సూచికల సంపుటాలు తీసింది. వాటిలో పేరుతో కాదు, పరమాణువుల లెక్కతో వెతకాలి. పద్నాలుగు కార్బన్లు, పదకొండు హైడ్రోజన్లు, ఒక నైట్రోజన్, మూడు ఆక్సిజన్లు. మూడు సంపుటాల్లో ఆ లెక్క లేదు. ప్రాణం కుదుటపడింది. నాలుగోదానిలో అదే లెక్క, పక్కన ఒక పాత పత్రిక సంపుటం, పేజీ నంబరు దొరికాయి.

ఆ సంపుటం దించి పేజీ తెరిచింది. అవే ముడిపదార్థాలు, అదే ద్రావణి. కరిగే ఉష్ణోగ్రత కూడా ఒక్క డిగ్రీ తేడాతో అదే. యాభై మూడేళ్ల కిందటి వ్యాసం. చివర ఒక్క ముక్క రాశారు: గాలి తగిలితే నెలలోపే పాడవుతోంది, అందుకే వదిలేశాం.

"ఇది ఎవరైనా తీశారా బాబాయ్, ఇంతకుముందు?"

"దుమ్ము చూడమ్మా. నువ్వే మొదటిదానివి."

మొదటిదాన్నని విన్న సంతోషం ఇలాంటిదేనా అనుకుంది. సంపుటం మళ్లీ అరలో పెట్టేస్తే? ఎవరికీ తెలియదు. చేయి అరదాకా వెళ్లింది కూడా. కానీ చదివినదాన్ని చదవలేదనుకోవడం ఆమెకు చేతకాలేదు. ఆ సంపుటాన్ని బరువుగా మోసుకుంటూ సార్ గదికి వెళ్లింది.

ఆయన నిలబడే చదివారు.

"మొదటి నెలలోనే ఆ గదికి వెళ్లమన్నానా లేదా?"

"అన్నారు సార్. కంప్యూటర్ చాలనుకున్నా."

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"పోనీ, ఇంకేదైనా చేసి చూపిద్దామా సార్?"

"రెండు రోజుల్లో ఏం చేస్తావమ్మా? నీళ్లు మరగబెట్టి చూపిస్తావా?"

"మీరు ఒక్క మాట చెబితే..."

"చెబుతాను. కమిటీలో నా మాట ఎంత చెల్లుతుందో నీకూ తెలుసు."

క్లాసుకు వేళయిందని ఆయన సుద్దముక్కలు తీసుకున్నారు. ఆయన గుమ్మం దాకా వెళ్లాక ఆమె అడిగింది.

"సోమవారం నేనేం చెప్పాలి సార్?"

"ఉన్నదే చెప్పు. యాభై మూడేళ్ల కిందటే ఎవరో చేశారు, నాకు శుక్రవారం తెలిసింది అను."

ఆయన అడుగుల చప్పుడు మెట్లు దిగిపోయింది. ఆ మాటను ఒకసారి పైకి అని చూద్దామని నోరు తెరిచింది. రాలేదు.