నాలుగు గంటల నీళ్ళు

ఆడవాళ్ళకు పుట్టుకతోనే తెల్లవారుజామున నాలుగింటికి మెలకువ వస్తుందని మా ఆయన గట్టి నమ్మకం. కోడిపుంజుకు కూత వచ్చినట్టు మాకు మెలకువ వస్తుందన్నమాట. పెళ్ళయిన కొత్తలో నేను నిద్రమొహంతో బిందె పట్టుకుని వీధి కుళాయి దగ్గర తూలుతుంటే, మా అత్త అలివేలమ్మ పక్కింటామెతో, "ఇంకా పుట్టింటి నిద్ర వదల్లేదు. నాల్నెల్లు పోతే అదే వదుల్తది లే" అంది. నిజంగానే వదిలింది. వదిలింది వదిలినట్టే, ఇరవై ఏళ్ళయినా మళ్ళీ ఇటు తొంగిచూడలేదు.

మా ఊరికి నీళ్ళు నాలుగింటికి వస్తాయి. ఒక్క గంట. ఆ గంటలోనే స్నానాల తొట్టి, గేదెల కుడితి గోలెం, వంటింటి బిందెలు అన్నీ నిండాలి. మా వీధిలో కుళాయి ఒక్కటే కాబట్టి వరస తప్పితే అంతే సంగతులు. ఆ తర్వాత పేడ, పాలు, పొయ్యి, పిల్లల క్యారేజీలు, మిరప చేలో కూలివాళ్ళు. మధ్యాహ్నం అన్నాలయ్యాక గోడకు ఆనుకుని ఒక్క నిమిషం కళ్ళు మూస్తానా, మా ఆయన వెంకటసుబ్బయ్య ఎక్కడినుంచో ప్రత్యక్షమవుతాడు. "పట్టపగలు నిద్రేంది పద్మా? ఒంట్లో బాగలేదా?" చెడ్డవాడు కాదు, కొట్టడు, తిట్టడు. నిజంగానే కంగారు పడతాడు కూడా. కానీ ఆడది పడుకుందంటే ఆయన లెక్కలో జ్వరమన్నా రావాలి, పురుడన్నా పోసుకోవాలి. ఇద్దరు పిల్లల్ని కన్నాను కదా, ఆ పురిటి మంచంలో నేను ముసిముసిగా ఎందుకు నవ్వుకున్నానో ఈరోజు వరకూ ఎవరికీ తెలియదు. నాలుగింటికి బిందెల చప్పుడు వినపడుతుంటే దుప్పటి ముసుగు తన్ని పడుకోవడంలో ఎంత సుఖం ఉందని!

సింధూజ మా పంచాయతీ సెక్రటరీగా వచ్చింది. గిద్దలూరులో కిరాణా దుకాణం వాళ్ళ పిల్ల. సన్నగా ఉంటుంది, మొహంలో సగం కళ్ళద్దాలే. "ఈ పిల్లేం చేస్తది? ఫోన్లో ఫొటోలు పంపిస్తా కూర్చుంటది" అన్నాడు మా ఆయన. నేనూ అంతే అనుకున్నాను, అబద్ధమెందుకు. మా వీధిలోనే గది అద్దెకు తీసుకుంది. వచ్చిన వారంలోనే ఒకరోజు చీకట్లో, జుట్టు పైకి ముడేసుకుని, ప్లాస్టిక్ బిందెతో మా వరసలో నిలబడింది. ముందుకు రమ్మంటే రాలేదు. "నా గదికీ ఇదే కుళాయి గదక్కా" అంది.

మర్నాడు ఆవులిస్తూనే అడిగింది: "నాలుక్కే ఎందుకొస్తయ్ అక్కా నీళ్ళు?"

అందరం పడీపడీ నవ్వాం. "ఎప్పట్నించో అంతే అమ్మాయ్" అన్నాను నేను. తను నవ్వలేదు, నొచ్చుకోనూ లేదు. ఇంకో మాట అడిగింది. "ఎన్నింటికొస్తే మీకు బాగుంటది?"

నా బిందె నిండి పొర్లిపోతున్నా నాకు తెలియలేదు. ఇంటికొచ్చి గేదె దగ్గర కూర్చున్నా అదే మాట. కూర ఏం కావాలో నేను అందరినీ అడుగుతాను. ఎన్నింటికి అన్నం పెట్టమంటారు, ఎన్నింటికి లేపమంటారు, ఇవీ నేనే అడుగుతాను. నీకెప్పుడు కావాలి పద్మా అని నన్నెవరూ అడిగిన గుర్తు లేదు. ఎంత వెతికినా లేదు. మా అమ్మ కూడా అడగలేదు, పాపం ఆమెనెవరడిగారు గనక. పాల చెంబులో రెండు కన్నీటి చుక్కలు పడ్డాయి. సాయంత్రం సింధూజ గది తలుపు కొట్టి, "ఆరింటికి. ఆరింటికొస్తే బాగుంటది" అని చెప్పి, దొంగతనం చేసినదానిలా గబగబా వచ్చేయబోయాను.

"ఆగక్కా. ఇదే మాట గ్రామసభలో చెప్పు. నేను చెప్తే సెక్రటరీకి నిద్ర సాలక అడుగుతాందంటారు."

"మా ఆయన ముందరా? నీకేమన్నా పిచ్చా!"

"సరే, నీ ఇష్టం" అంది. బతిమాలలేదు.

బడి వరండాలో గ్రామసభ. మగవాళ్ళు కుర్చీల్లో, మేం గోడ వారగా కింద. సర్పంచి కొండయ్య మామ పక్కన కూర్చుని సింధూజ, వాల్వు తిప్పే ప్రభుదాస్‌ని పిలిచింది. "అన్నా, నీళ్ళు నాలుక్కే ఎందుకు వదుల్తావు?"

"ఆడోళ్ళు నాలుక్కి లేస్తారు గద మేడం. మా నాయన వాల్వు తిప్పేటప్పట్నించి అంతే. వాళ్ళ కోసరం నేను ఇంకా ముందర్నే లేస్తన్నా. సైకిలు తొక్కతానే సగం నిద్రపోతా."

మా ఆయన లేచాడు. "మా ఇంట్లో ఆడోళ్ళకు నాలుక్కి దానంతటదే మెలకువొస్తది మేడం. అలవాటైన ప్రాణాలు. వాళ్ళకేం ఇబ్బంది లేదు."

సింధూజ గోడ వైపు చూసింది. నా పేరు పిలవలేదు. పిలిచి ఉంటే మా ఆయన మొహం చూసి, ఏం లేదని తలూపేదాన్ని. తను ఊరికే ఆగింది. ఆ ఖాళీలో ఏమైందో ఏమో, కొండయ్య మామ వైపు తిరిగి లేచాను.

"మెలకువొచ్చి మేం నీళ్ళ కాడికి పోవట్లేదు మామా. నీళ్ళొస్తయ్ గాబట్టి లేస్తన్నాం. ప్రభుదాసేమో మా కోసరం వదుల్తన్నా అంటన్నాడు. మేమేమో ఆయన వదుల్తన్నాడని సస్తన్నాం."

ఒక్క క్షణం ఎవరికీ ఎక్కలేదు. ప్రభుదాసే ముందు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "ఓరి దేవుడో! మరి ఇన్నేండ్లు ఎవరి కోసరం లేచినట్టు నేను?" వరండా అంతా గొల్లుమంది. మా ఆయన నవ్వలేదు. "అమ్మా, నువ్వు చెప్పు. నువ్వేనాడన్నా ఇట్ల అన్నావా?" అన్నాడు.

మా అత్త చెంగు సర్దుకుంది. ఇక అయిపోయాను అనుకున్నాను.

"నాకు మాత్రం నిద్ర రాలేదనుకున్నావా నాయనా? నన్నడిగిందెవరు?"

ఆయన కూర్చున్నాడు.

"ఆరింటికి వదిలితే సాలు మామా" అన్నాన్నేను. వెనకనుంచి ఎవరో, "నిండిన ట్యాంకు ఆరింటిదాకా ఆపితే సగం కారిపోతది" అన్నారు. ఇంకో పిల్లయితే అక్కడే చతికిలబడేది. సింధూజ మొహం వెలిగింది. "కారతదని అందరికీ తెలుసన్నమాట! నిండీ నిండంగానే వదిలేస్తన్నాం గాబట్టి దాని జోలికి పోలేదు. బాగుచేద్దామా మామా?" కొండయ్య మామ ఊ అనక తప్పలేదు.

ఆ పిల్ల పని చేయించే తీరు చూస్తే ముద్దొచ్చింది నాకు. గొంతు పెంచదు. ఇంజనీరింగ్ అసిస్టెంట్ మహేష్‌ని వెంటబెట్టుకుని, చున్నీ నడుముకు చుట్టి, తనే నిచ్చెనెక్కి పగులు చూసింది. ఊళ్ళో మేస్త్రీనే పెట్టింది. ఎప్పుడు వాల్వు తిప్పితే ఏ వీధికి ఎంత ఎక్కుతుందో ప్రభుదాస్‌నే చెప్పమంది. మరమ్మతు జరిగినన్నాళ్ళూ తర్లుపాడు నుంచి టాంకరు తెప్పించి, దాన్ని పెద్దోళ్ళ వాకిళ్ళ ముందు కాకుండా బడి దగ్గర ఆపించింది. సిమెంటు ఆరి ట్యాంకు నిండిన రోజు, అంతా కొండయ్య మామ చలవేనని మైకులో చెప్పింది. నాకు ఒళ్ళు మండింది.

"నీ పేరు చెప్పుకోవేంది?"

"నేను రేపు బదిలీ అయిపోతానక్కా. ట్యాంకు మళ్ళీ పగిలితే మామే గదా బాగుచేయించాల్సింది. ఆయన పేరుంటే ఊరుకోడు" అంది. నాకంటే ఎంత చిన్నది! దణ్ణం పెట్టాలనిపించింది, బాగుండదని బుగ్గ గిల్లాను.

ఆరింటి నీళ్ళ మొదటి రోజు నాలుగింటికే కళ్ళు తెరుచుకున్నాయి. వీధిలో ఒక్క బిందె చప్పుడు లేదు. పక్క మంచంలోంచి మా అత్త, "లేచినావా?" అంది.

"ఊఁ."

"నేనూ లేచినా. పిచ్చి ముండలం. పండుకో."

పడుకున్నాను. ఎంత నిద్ర! పురిటి మంచం మీద కూడా అంత నిద్ర పోలేదు.

"పద్మా! ఆరైతాంది. నీళ్ళొస్తన్నయ్!"

కళ్ళు తెరిచాను. ఎదురుగా మా ఆయన. మొహం కడుక్కుని, తల దువ్వుకుని, భుజాన తువ్వాలుతో కాఫీ కోసం నిలబడ్డాడు. ఇన్నేళ్ళూ నేను నీళ్ళు మోసేటప్పుడు ఆయన గాఢనిద్రలో ఉండేవాడు. నిద్రపోయే మనిషిని ఎలా లేపుతాం, పాపం అనుకునేదాన్ని. ఇప్పుడు పూర్తిగా మేలుకుని ఉన్నాడు. రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి.

"ఇంకా లేవలేదేంది? ఒంట్లో బాగలేదా?"

నేను గోడవైపు తిరిగి దుప్పటి మెడదాకా లాక్కున్నాను.

"బ్రహ్మాండంగా ఉంది. అందుకే పండుకున్నా. బిందెలు గడప కాడున్నయ్, పో."