ఒక్క రోజుకే ఖాళీ

ఈ ఉదయం నా రెజ్యూమెలోంచి పదకొండేళ్ల అనుభవం లేచి వెళ్ళిపోయింది. వీధి తలుపు గడియ తీసే ఉంది. కాగితం మీద నా పేరు హైమవతి, ఫోన్ నంబరు, అడుగున మూడేళ్ల అనుభవం మాత్రం మిగిలాయి. ఆ మూడేళ్లూ దొంగవి. అవి ఎక్కడికీ పోలేదు. పోవడానికి వాటికి ఊరంటూ ఉంటే కదా!

నేను ఈఆర్పీ కన్సల్టెంటుని. ఫ్యాక్టరీల కొనుగోళ్లనీ, గోదాముల్లో ఉన్న సరుకునీ కంప్యూటర్లోకి ఎక్కించడం నా పని. మాంద్యం వచ్చాక ఏ ఫ్యాక్టరీ కొత్తగా ఏమీ ఎక్కించుకోవడం లేదు. నా ఉద్యోగం పోయి రేపటికి ఎనిమిది నెలలు. మా వృత్తిలో ఎనిమిది నెలలు దాటిన మనిషిని ఇక ఎవరూ పిలవరు. ఇన్నాళ్లలో ఒక్కటంటే ఒక్క ఇంటర్వ్యూ వచ్చింది. అది ఈ రోజు సాయంత్రం నాలుగింటికి, ఫోన్లో.

దొంగ మూడేళ్లూ మా సోఫాలో కూర్చుని టీ తాగుతున్నాయి. మూడింటికీ ఒకే రంగు చుడీదార్లు, ఇస్త్రీ నలగలేదు. "మేమున్నాంగా అక్కా, దిగులెందుకు?" అంటుంది వాటిలో పెద్దది. పాపం, మర్యాదైనవే. కానీ ఎవరైనా వరసగా ప్రశ్నలు అడిగితే ఐదోదానికి నీళ్లు నములుతాయి.

నేను అమీర్‌పేట వెళ్తాను. ఆ మూడేళ్లనీ రాసిచ్చిన బెనర్జీ సార్ ఇంకా అక్కడే పాఠం చెబుతున్నారు. నాకు ఈ విద్య నేర్పింది ఆయనే. ఆ రోజుల్లో ఉదయం ఏడింటి క్లాసుకి నూట ఇరవై మంది వచ్చేవాళ్లం. చోటు దొరకనివాళ్లు కిటికీ గట్ల మీద కూర్చుని రాసుకునేవాళ్లు. జెరాక్స్ నోట్సు ఇంకా వేడిగా ఉండగానే చేతికొచ్చేవి. కింద ఇడ్లీ బండి దగ్గర ఎవరిని కదిపినా ఏదో ఒక దేశం పేరు చెప్పేవారు. ఆ ఇరుకు నాకు ఎంత ఇష్టంగా ఉండేదో ఇప్పుడు తెలుస్తోంది.

ఇవాళ క్లాసు నిండా కుర్చీలే ఉన్నాయి. మనుషులు లేరు. కుర్చీలే శ్రద్ధగా నోట్సు రాసుకుంటున్నాయి.

"వీటికైనా చెప్పకపోతే గొంతు పూడుకుపోద్దమ్మా" అంటారు బెనర్జీ సార్, చేతుల సుద్దపొడి దులుపుకుంటూ. "ఏంది ఇట్టా వచ్చావు?"

"నాలుగింటికి ఇంటర్వ్యూ, నా ఏళ్లు వెళ్ళిపోయాయి సార్."

"దొంగయ్యా, నిజమైనయ్యా?"

"నిజమైనవి."

"హమ్మయ్య. దొంగయి పోతే నా పేరు పోయేది." ఆయన సుద్దముక్క జేబులో వేసుకుంటారు. "అనుభవం పిలిచినోళ్ల దగ్గరికి పోద్దమ్మా. ఇన్ని నెలల్నుంచి నువ్వు దాన్ని ఒక్కసారన్నా పనికి పిలిచావా? ఎవరో పిలిచుంటారు, లేచిపోయింది. నాలుగింటికి ఇంటర్వ్యూ పెట్టుకుని బస్సుల కోసం చూడమాక. ఆ చివరి వరస దాకా నడువు."

మా క్లాసులో పన్నెండు వరసలుండేవి. నేను నలభై దాటుతాను. నూరు దాటుతాను. కుర్చీలు తప్పుకుని దారి ఇస్తున్నాయి. రెండు వందల వరసల తర్వాత కాళ్ల కింద గచ్చు మట్టిగా మారుతుంది. బెల్లపు మడ్డి వాసన తగులుతుంది. ఆ వాసనకి నాకు ఏడుపొస్తుంది. అది నా మొదటి ప్రాజెక్టు వాసన. విజయనగరం అవతల ఒక చక్కెర ఫ్యాక్టరీ, దాని స్టోరు.

స్టోరు గుమ్మంలో ఖాకీ చొక్కాతో గౌరునాయుడు గారు కూర్చుని ఉన్నారు. ఆయన ఇక్కడి స్టోర్ కీపరు. పద్నాలుగు వేల వస్తువుల్లో దేన్నైనా కళ్లు మూసుకుని చేత్తో తడిమి పేరు చెప్పేవారు. నాలుగు నెలలు ఆయన పక్కన కూర్చుని ఒక్కొక్కటే అడిగి కంప్యూటర్లోకి ఎక్కించాను. ఆయన ప్రతి దానికీ ఒక కథ చెప్పేవారు, నేను దానికి ఒక నంబరు ఇచ్చేదాన్ని. మధ్యాహ్నాలు ఉడకబెట్టిన వేరుశనక్కాయలు పేపర్లో పొట్లం కట్టి తెచ్చేవారు. అంత తీరికగా, అంత ప్రేమగా నాతో మళ్లీ ఎవరూ పని చేయలేదు.

"ఏటమ్మా హైమమ్మా, బేగే వొచ్చీసినావు. రేపొస్తావనుకున్నాను" అంటారాయన.

లోపల నేల మీద నా పదకొండేళ్లూ బాసింపట్లు వేసుకుని కూర్చున్నాయి. అన్నీ నా ఎత్తే. బేరింగులకి గ్రీజు రాసి కాగితాల్లో చుడుతున్నాయి. మొదటి ఏడాది పచ్చ నూలు చీర కట్టుకుంది. మిగతా పదీ దాని చెయ్యి పట్టుకుని వచ్చినట్టున్నాయి. ఒక్కటీ తల ఎత్తి నన్ను చూడదు.

"వీటిని తీసుకెళ్ళడానికి వచ్చానండీ."

"తీసుకుపో తల్లీ, నీవే కదా. కంప్యూటరుకి మాత్రం సెప్పకు."

ఆయన తెర నావైపు తిప్పుతారు. ఆరు నెలలుగా ఎవరూ అడగని సరుకు తుక్కు కింద వేలానికి పోతుంది. ఆ జాబితాలో నా పదకొండేళ్లూ వరసగా ఉన్నాయి. వేలం ఈ రోజే, నాలుగింటికే. ఆ ఆరు నెలల రూలు ఎక్కించింది నేనే.

చెరుకు ఆడేది ఏడాదికి నాలుగు నెలలు. మిగతా ఎనిమిది నెలలూ మిల్లు పడుకుంటుంది, సగం సామాను ఎవరూ ముట్టుకోరు. ఆ మాట నాయుడు గారు అప్పుడే చెప్పారు. నేను వినలేదు. హైదరాబాదు నుంచి వచ్చినదాన్ని కదా! పెద్ద మిల్లు బేరింగు తుక్కు జాబితాలోకి ఎక్కిన రోజు ఆయన దాన్ని సైకిలు మీద ఇంటికి మోసుకెళ్లి మంచం కింద దాచారు. డిసెంబరులో మిల్లు ఆగితే తువ్వాల్లో చుట్టి తెచ్చారు. నా తప్పని ఎవరితోనూ అనలేదు. అని ఉంటే నా మొదటి ఏడాదే చివరి ఏడాది అయ్యేది.

"మరి వీటిని ఎలా కాపాడారండీ?"

"ర్యాకుల్లోంచి దింపి నేల మీద కూకోబెట్టినాను. ఆ కంప్యూటరు ర్యాకులే సూస్తాది గానీ నేల సూడదు." ఆయన నవ్వుతారు. "మిల్లు పడుకుంటే సచ్చిపోయినట్టేటమ్మా?"

నాలుగవుతుంది. ఫోన్ మోగుతుంది.

"మీ అనుభవం ఎంతండీ?" అంటుంది అవతల ఒక ఆడగొంతు.

"పద్నాలుగేళ్లు."

"అందులో బెనర్జీ సార్ రాసిచ్చినవి మూడా?"

నేను ఫోన్ ఇంకో చెవికి మార్చుకుంటాను.

"కంగారు పడకండి, నావీ అవే. మా ఆఫీసు నిండా అవే కూర్చుని టీ తాగుతున్నాయి. మిగతా పదకొండూ?"

"నిజమైనవండీ."

"ఏళ్లకి ఖాళీల్లేవు. మాంద్యం కదా. ఒక్క రోజుకే ఖాళీ ఉంది. మంచి రోజు ఒకటి పంపితే ఇప్పుడే చేర్చుకుంటాం. పంపిన రోజు ఇక మీది కాదు, అది మాత్రం గుర్తుపెట్టుకోండి."

నేను ఎయిర్‌పోర్టుల్లో కూర్చున్న రోజుల్ని చూపిస్తాను. తప్పులు వెతుక్కుంటూ గడిపిన రోజుల్ని చూపిస్తాను. అలాంటివి చాలా వచ్చాయంటుంది ఆమె. "మీరు నలుగురిలో చెప్పుకునే రోజు ఒకటుంటుంది కదా, అది కావాలి."

పచ్చచీర ఏడాది చేతిలో బేరింగు కింద పెడుతుంది. దానికి అర్థమైంది.

కంప్యూటరు మొదలైన రోజు అది. ప్రింటర్లోంచి మొదటి చీటీ వచ్చింది. నాయుడు గారు దాన్ని వాసన చూసి, రెండు కళ్లకీ అద్దుకుని, "నా ముప్పయ్యేళ్లూ ఇందులోకి ఎక్కించీసినావు తల్లీ, నీ కడుపు సల్లగుండ" అన్నారు. గది గదంతా చప్పట్లు కొట్టింది. నేను కూడా ఈ లోకంలో ఒక పనికొస్తానని మొట్టమొదట నమ్మింది ఆ రోజే. తర్వాత ఎంత చెడ్డరోజు వచ్చినా దాన్ని తలుచుకునే లేచాను.

ఇవ్వాలని లేదు. ఇవ్వకపోతే రేపటికి ఎనిమిది నెలలు. నాకు చాలా భయంగా ఉంది.

"నాయుడు గారూ, ఇచ్చెయ్యనా?"

ఆయన నేలని చూస్తారు, ఏళ్లని చూస్తారు.

"మిల్లు ఆడాలి గదమ్మా" అంటారు చివరికి. "ఇచ్చీ."

సరుకు ఎవరికిచ్చినా రాసినట్టే తలుపు మీద సుద్దముక్కతో రాస్తారు: ఒక రోజు, హైమమ్మకి ఇవ్వడమైనది.

పచ్చచీర ఏడాది కొంగు ముడి విప్పుతుంది. ఆ రోజు కిందికి దిగి, తన సూర్యుణ్ని చంకనెత్తుకుని గేటు దాటి నడుస్తుంది. దాన్ని ఒంటరిగా పంపలేక పచ్చచీర కూడా వెనకే వెళ్ళిపోతుంది. మిగతా పదీ నేల మీదే ఉండిపోతాయి. స్టోరులో వెలుతురు కొంచెం తగ్గుతుంది.

"వచ్చిందండీ. చాలా బాగుంది" అంటుంది ఫోన్లో గొంతు. "మీరు చేరినట్టే."

నాకు పట్టరాని సంతోషంగా ఉంది. ఫోన్ పెట్టేసి చుట్టూ చూస్తాను. ఏదో ఫ్యాక్టరీ స్టోరు. ఎదురుగా ఖాకీ చొక్కా వేసుకున్న పెద్దాయన ఎవరో తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నారు. కొత్త చోట మొదటి రోజు ఎవరితోనైనా మాట్లాడినట్టే ఆయనతోనూ మాట్లాడతాను.

"నమస్కారమండీ. నేను హైమవతిని, కొత్త కన్సల్టెంటుని. మీరు?"

ఆయన తువ్వాలు మడిచి భుజాన వేసుకుంటారు.

"గౌరునాయుడంటారండీ. స్టోరు సూసుకుంటాను."

"చాలా కాలం నుంచీ చేస్తున్నారా?"

"మీరు రాకముందు నుంచీనండీ."

ఆయన లోపలికి వెళ్లి ఒక కొబ్బరికాయ తెస్తారు. కొత్తవాళ్లు చేరితే కొట్టడం ఇక్కడి ఆనవాయితీ కాబోలు. గుమ్మం రాతి మీద కొట్టి ఒక చిప్ప నా చేతిలో పెడతారు. "ఆ రోజులో నా వంతు నా కాడ ఉంచుకున్నానండీ" అంటారు. దేని గురించో నాకు తెలియదు.

చిప్పలో నీళ్లు లేవు. అడుగున ఒక చిన్న గది ఉంది. బొటనవేలంత మనుషులు చప్పట్లు కొడుతున్నారు. ప్రింటరు పక్కన నిలబడి ఒక అమ్మాయి నవ్వుతోంది. ఆమె ఎవరో నేనెరగను. సరిగ్గా చూద్దామని వంగుతాను. ఎక్కడిదో ఒక చుక్క చిప్పలోకి రాలుతుంది. ఆమె ఉలిక్కిపడి తల పైకెత్తి, వాన మొదలైందనుకుని, పచ్చ కొంగు నెత్తి మీదికి లాక్కుంటుంది.