మిరపకాయల ఘాటు

ఖిల్లా ఘణపూర్ ఆడపిల్లల కబడ్డీ జట్టుకు రేఖ కెప్టెన్. నోరున్న పిల్ల. రెఫరీతో కూడా వాదానికి దిగుతుంది. అంత నోరూ తెరవాల్సిన చోట మూతపడింది. ఆ సిగ్గు ఆమెను ఇప్పటికీ వదల్లేదు.

బుధవారం ప్రాక్టీసులో జట్టులోని తేజస్విని కూతకు వస్తే రేఖే పట్టి పడేసింది. తేజస్విని తల వెనకభాగం గట్టి నేలకు ఠప్పున తగిలింది. లేచి కూర్చుంది, నవ్వింది కూడా. ఇంటికి పోయే దారిలో మాత్రం రేఖ ముందే వాంతి చేసుకుంది.

"తల గిర్రున తిరుగుతుందే. ఎండ చూస్తే కండ్లు గుంజుతున్నయ్. జాన్ సార్‌కు చెప్దామా?"

జాన్ సార్ వాళ్ల పీఈటీ. తలకు ఎంత చిన్న దెబ్బ తగిలినా తనకు చెప్పాలని బడి తెరిచిన రోజే చెప్పాడు. చెబితే ఆడనివ్వడు. శనివారమేమో నాగర్‌కర్నూల్‌లో ఫైనల్. తేజస్విని లేకపోతే కూతకు పోయేదెవరు?

"శనివారం దాక ఓర్సుకో. చెప్తే నిన్ను పక్కన కూసోబెడ్తడు," అంది రేఖ.

ఆ సాయంత్రం తేజస్విని తల్లి రాములమ్మ కూతురికి దిష్టి తీసింది. ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి, మూడుసార్లు ఉమ్మించి పొయ్యిలో వేసింది. దిష్టి తగిలి ఉంటే మిరపకాయలు కాలినా ఘాటు రాదంటారు. ఇక్కడ ఇల్లంతా ఒకటే దగ్గు. వాకిట్లో మేక కూడా తుమ్మింది.

రాములమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని రేఖ వైపు తిరిగింది. "ఘాటొచ్చింది. దిష్టి కాదు. మరేమైంది బిడ్డా దీనికి? ఏడన్న పడ్డదా?"

"లేదు పెద్దమ్మా. మిర్చిబజ్జీలు జర ఎక్కువ తిన్నది."

దగ్గు రావడం మేలైంది, ముఖం దాచుకోవడానికి. తేజస్విని గోడవైపు తిరిగి పడుకుంది. కెప్టెన్ మాట కాదనలేదు.

శనివారం ఫైనల్లో కూతకు లేచిన తేజస్విని నడిగీత మీద ఆగిపోయింది. అటు చూసింది, ఇటు చూసింది.

"రేఖా, మనోళ్లు ఎటున్నరే?"

జనం గొల్లున నవ్వారు. రేఖ ఇక ఆగలేదు. పరుగున పోయి జాన్ సార్ చేయి పట్టుకుంది.

"సార్, బుధవారమే దీని తలకు దెబ్బ తగిలింది. వాంతి గూడ చేసుకుంది. నేనే చెప్పొద్దన్న."

సార్ తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆట ఆపించి, తేజస్వినిని ఆటోలో దవాఖానకు తీసుకుపోయాడు. మెదడు అదిరిందని, తాను సరేననే దాకా ఆట వద్దని డాక్టర్ అన్నాడు. ఇంకో దెబ్బ తగిలి ఉంటే ప్రాణం మీదికి వచ్చేదట.

మధ్యాహ్నం బస్సు దిగి రాములమ్మ వచ్చింది. రేఖ అంతా చెప్పేసి, తిట్ల కోసం తలవంచుకుని నిలబడింది. రాములమ్మ కూతురి తల నిమిరింది.

"మిరపకాయలు నిజమే చెప్పినయ్ బిడ్డా," అంది. "నేనే, వాటిని కాదని నీ మాట నమ్మిన."