మూడుకీ నాలుగుకీ మధ్య

లిఫ్టు మెకానిక్ పండగపూట ఇంట్లో ఉండటం నాలుగేళ్లలో అదే మొదటిసారి. ఆ ఉత్సాహంలో భార్య దగ్గర గొప్పలు పోయాడు. కోడిని ముక్కలు కొట్టకుండా, లోపలి ఎముకలన్నీ తీసేసి, పరుపులా పరిచి డాబా మీద బొగ్గుల మీద కాలుస్తానన్నాడు. అత్తామామలు పన్నెండున్నరకి వస్తారు. అప్పటికే పదకొండు దాటింది. కోడి బల్ల మీద వెల్లకిలా పడుంది. అతను కత్తి పట్టుకుని దాని చుట్టూ తిరుగుతున్నాడు.

"అలా తిరిగితే ఎముకలు వాటంతటవే రాలవండీ," అంది భార్య, వెల్లుల్లి ఒలుస్తూ.

కోడిని బోర్లా తిప్పి, వెన్ను పొడవునా గాటు పెట్టాడో లేదో ఫోను మోగింది.

"లిఫ్టు ఆగిపోయింది నాయనా. లోపల నేనొక్కదాన్నే ఉన్నా. గోడ మీద ఈ నంబరుంది." పెద్దావిడ గొంతు. పోస్టాఫీసు వెనక ఐదంతస్తుల భవనమట. "మూడు దాటింది. నాలుగు రాలేదు."

అతనికి వెంటనే గుర్తొచ్చింది. పోయిన వారం ఆ భవనంలోనే, మూడో అంతస్తు తలుపు దగ్గర కాంటాక్టు అరిగిపోయి ఉండటం చూశాడు. వేలెడు రేకు ముక్క. తలుపు సరిగ్గా మూసుకుందని లిఫ్టుకి తెలిసేది దానివల్లే, తెలియకపోతే ఉన్నచోటే ఆగిపోతుంది. మారిస్తే అరగంట పని. కొత్తది సంచిలోనే ఉంది. పండగ అయ్యాక చూద్దాంలే అనుకుని, రిజిస్టర్లో 'అంతా సరిగ్గా ఉంది' అని రాసి, సంతకం పెట్టి వచ్చేశాడు.

"తలుపు లాగకండమ్మా. అది కింద పడదు. ఇప్పుడే మనిషిని పంపిస్తున్నా."

ఆ రోజు డ్యూటీలో ఉన్నవాణ్ణి కంపెనీలో అందరూ ఎక్స్‌ప్రెస్ అంటారు, ఎక్కడికీ వేళకి రాడు కాబట్టి. అదృష్టం కొద్దీ ఆ చుట్టుపక్కలే ఉన్నాడు. ఇరవై నిమిషాలన్నాడు. మెకానిక్ తనే బయల్దేరితే నలభై పడుతుంది.

అంతలోనే మళ్లీ ఆవిడ ఫోను. "ఊపిరాడట్లేదు నాయనా."

"పైన సందుల్లోంచి గాలి వస్తుందమ్మా. కింద కూర్చోండి. నేను లైన్లోనే ఉంటా."

అతని చేతులు జిడ్డుగా ఉన్నాయని భార్య ఫోను స్పీకర్లో పెట్టి ఉప్పు డబ్బాకి ఆనించింది. ఊరికే నిలబడలేక అతను కత్తి తీసుకున్నాడు.

"ఆ గీకుతున్న చప్పుడేంటి?"

"కోడి ఎముకలు తీస్తున్నానమ్మా."

"ఎటువైపు కోశావు?"

"వెన్ను వైపు."

"బతికించావు. రొమ్ము వైపు కోసుంటే ఫోను పెట్టేసేదాన్ని. ముప్పై ఏళ్లు కోళ్ల కొట్టు నడిపాం, నేనూ మా ఆయనా. కత్తి మొన ఎముకని వదలకూడదు. మాంసం వైపు తిప్పావా, చిల్లే."

అతను అలాగే గీకుతూ పోయాడు. రెక్క కీలు తెగింది. తొడ కీలు దగ్గర కత్తి దిగలేదు. "కొయ్యకు. వెనక్కి విరువు, అదే బయటికొస్తుంది," అందామె. విరిచాడు. టక్కుమంది. ఉన్నట్టుండి ఆవిడ "కదిలింది! ఏదో కదిలింది!" అని అరిచింది. "మీరు జరిగుంటారమ్మా, అంతే," అన్నాడు. అతని నుదుటి మీద చెమట కోడి మీద పడబోతుంటే భార్య కొంగుతో తుడిచింది.

"అమ్మా, ఒక్క మాట," అన్నాడు. "అది ఆగిపోవడానికి కారణం నేనే. పోయిన వారమే మార్చాల్సింది. మార్చకుండా మార్చినంత ధీమాగా రాసేశాను."

భార్య వెల్లుల్లి ఒలవడం ఆపింది.

"రొమ్మెముక దగ్గరికొచ్చావా?" అందావిడ ఫోన్లో.

"వచ్చానమ్మా."

"అక్కడ తోలు ఉల్లిపొరలా ఉంటుంది. చూసి తియ్యి. మిగతాది బయటికొచ్చాక మాట్లాడతా."

ఎముకల గూడు మొత్తంగా ఊడి వచ్చింది. ఆ మాట చెప్పేలోపే లైను తెగిపోయింది. మళ్లీ చేస్తే కలవలేదు. వంటింట్లోంచి వరండాలోకి, వరండాలోంచి వంటింట్లోకి కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. పావుగంటకి ఎక్స్‌ప్రెస్ నుంచి ఫోనొచ్చింది.

"తీశాను. బాగానే ఉందిరా. మెట్లెక్కి కూతురింటికి వెళ్లింది. కానీ కాంటాక్టు పోయింది, రిజిస్టర్లో నీ సంతకముంది." గొంతు తగ్గించాడు. "ఏం రాయమంటావ్?"

"ఉన్నదున్నట్టు రాయి. కొత్తది నా దగ్గరుంది, వస్తున్నా."

ఉప్పు, మిరియాలు, నిమ్మరసం, వెల్లుల్లి ముద్ద పట్టించిన కోడిని జాలీ మీద పరిచేసరికి అత్తామామలు వచ్చేశారు. పట్టకారు మామగారి చేతిలో పెట్టి, ఏడు నిమిషాలకోసారి తిప్పమన్నాడు. లెక్కల మాస్టారుగా రిటైరైన మామగారు వెంటనే వాచీ చూసుకున్నారు.

"అల్లుడుగారు పండగకి ఇంట్లో ఉంటారనగానే అనుకున్నా, ఉండరని," అంది అత్తగారు.

ఆ భవనానికి వెళ్లి కాంటాక్టు మార్చి, లిఫ్టులో ఒక్కడే పదిసార్లు పైకీ కిందకీ తిరిగాడు. పదకొండోసారి ఐదో అంతస్తులో తలుపు తెరుచుకుంటే, ఎదురుగా సంచి పట్టుకుని పొట్టిగా ఒక పెద్దావిడ నిలబడి ఉంది.

"నువ్వేనా, కోడి?"

"నేనేనమ్మా. రండి, నేనూ మీతో కిందకి వస్తా."

ఆవిడ లోపలికి తొంగి చూసింది. "బాగుచేశావనే నమ్ముతున్నా. ఇవాళ మాత్రం ఎక్కను."

మోకాలి నొప్పితో ఒక్కో మెట్టూ దిగుతోంది. అతను సంచి అందుకుని, ఆవిడకన్నా ఒక మెట్టు ముందు నడిచాడు. మూడో అంతస్తులో ఆవిడ రెయిలింగు పట్టుకుని ఆగింది.

"నేను కాబట్టి సరిపోయింది. నా మనవరాలికి ఎనిమిదో నెల. రోజూ ఇందులోనే దిగి ఆఫీసుకి వెళ్తుంది."

ఆవిడ జవాబు కోసం ఆగకుండా తర్వాతి మెట్టు దిగింది.

ఇల్లు చేరేసరికి మూడైంది. కోడి ఒకవైపు బంగారు రంగులో, ఇంకోవైపు బొగ్గులా ఉంది. ఏడు నిమిషాలంటే ఏడు నిమిషాలేనని, మంట లేచినా మామగారు ముందుగా తిప్పలేదట. భార్య అతని వాటా తీసి ఉంచింది. అతను కూర్చోకుండా తన డైరీ తెచ్చి, పోయిన నెల పేజీలు తిరగేయసాగాడు.

"ఇంకా ఉన్నాయా అలాంటివి?" మెల్లగా అడిగింది భార్య.

"రెండు."

"ఇప్పుడే వెళ్తారా?"

ఎదురుగా అత్తగారు ప్లేటు పట్టుకుని నిలబడింది. అతను అందుకుని నిలబడే నాలుగు ముద్దలు తిన్నాడు.

"ఉప్పు సరిపోయిందా అల్లుడుగారూ?"

"సరిపోయిందండీ," అంటూ చెయ్యి కడుక్కుని, బండి తాళాల కోసం జేబులు తడుముకున్నాడు.