వెచ్చబెట్టిన రాళ్లు

ఐడాబర్న్ ఆనకట్ట నీళ్లు గట్టిగా గడ్డకట్టాయని ఫోన్ వచ్చిందంటే మా మానియోటోటో పల్లెల్లో ఎవడూ పనిలో ఉండడు. గొర్రెలకి మేత పడేసి, చీపుర్లూ ఆట రాళ్లూ బండిలో వేసుకుని మంచు మీదకి పోవడమే. పిడి ఉన్న బరువైన నున్నటి రాయిని మంచు మీద జార్చి, దాని ముందు చీపుర్లతో ఊడుస్తూ గురి దాకా పంపడం మా ఆట. జూలై మాకు నడి చలికాలం; ఈ జూలైలో ఆ ఫోన్ వచ్చేసరికి మా అన్న కూతురు మోర్నా పొయ్యి ముందుంది. ఇంకో జానెడు జరిగితే పొయ్యిలోనే ఉండేది.

మోర్నాది చలికి ఆగని ఒళ్లు. ఎండాకాలంలో ఐస్‌క్రీం తినడానికి కూడా స్వెట్టర్ వేసుకుంటుంది. పోయినసారి ఆట మధ్యలో చీపురు పారేసి ఒడ్డున ఉన్న నెగడు దగ్గరికి పరిగెత్తింది. అందుకే మా జట్టు పెద్ద ఫెర్గస్ ముందే చెప్పేశాడు.

"ఈసారి ఆట మధ్యలో మంచు మీంచి దిగిపోయినా, ఆట చెడగొట్టినా నీ చీపురు జట్టులో చోటు కోసం చూస్తున్న ట్రిష్‌కి ఇచ్చేస్తా. ఇక జట్టులో నీకు చోటు లేదు."

"దిగను మావయ్యా," అని, నా వైపు తిరిగింది. "బాబాయ్, మిగతా చలి ఓర్చుకుంటా. ఆ రాతి పిడి పట్టుకుంటేనే వేళ్లు చచ్చిపోతున్నాయి. ఏం చెయ్యను?"

నా నోరు ఊరుకోదు కదా. "రాత్రికి రాళ్లని దుప్పట్లో చుట్టి, పక్కన వేడినీళ్ల సంచి పెట్టి పడుకోబెట్టు. మా తాత అదే చేసేవాడు."

ఆట రాళ్లని ఆరుబయటే ఉంచాలని మా ఊళ్లో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. నవ్వేస్తుందనుకున్నా. ఆ పిల్ల మంచు ఎరగని ఆక్లాండ్‌లో పెరిగి రెండేళ్ల కిందటే ఇక్కడికి వచ్చిందన్న సంగతి మర్చిపోయా.

మర్నాడు కోటుతో కలిపి ఏడు పొరల బట్టలు తొడుక్కుని, మూటలా దొర్లుకుంటూ వచ్చి మొదటి రాయి వదిలింది. పది గజాలు పోయి ఆగిపోయింది. కింద మంచు కరిగి, రాయి బురదలో గేదెలా కూర్చుంది.

ఫెర్గస్ వచ్చి చెయ్యి పెట్టి చూశాడు. "ఇది రాయా, పొయ్యిలోంచి తీసిన బన్నా? ట్రిష్! ఇలా రా!"

మోర్నా కళ్లలో నీళ్లు తిరిగాయి. చీపురు మాత్రం వదల్లేదు. నా పేరు కూడా చెప్పలేదు. అది చూసి నేనే ముందుకొచ్చా.

"ఫెర్గస్, అది నా నిర్వాకం," అన్నా. "నేనే ఏడిపిద్దామని చెప్పా."

"ఒరే డూగల్, అరవై దాటాక కూడా నీకు బుద్ధి రాలేదా? నీ రాళ్లు దానికియ్యి. నువ్వు దిగు. ట్రిష్ నీ బదులు ఆడుద్ది."

దిగా. ఒడ్డు మీంచి కేకేశా. "మోర్నా! ఈసారి నిజం చెబుతున్నా! రాయి ముందు గట్టిగా ఊడ్చు, చలి దానంతటదే పోద్ది!"

"నీ మాట మళ్లీ నమ్ముతానా బాబాయ్?" అని అరిచింది గానీ, కోపమంతా చీపురు మీద చూపించింది. మూడో విడతకి కోటు తీసేసింది, అయిదో విడతకి రెండు స్వెట్టర్లు. తొమ్మిదో విడతకి ఒంట్లోంచి ఆవిర్లు లేస్తున్నాయి.

ఒక్క రాయి తేడాతో ఓడిపోయాం. అందరూ నెగడు చుట్టూ చేరి సూపు గిన్నెలు అందుకున్నారు. మోర్నా మాత్రం ఇంకా మంచు మీదే ఉంది. అవతలి జట్టు వాళ్లని మళ్లీ ఆడమని బతిమాలుతోంది.

"రామ్మా, మంట బాగా అందుకుంది," అని పిలిచా.

"మీరు కాచుకోండి బాబాయ్," అంది నుదురు తుడుచుకుంటూ. "నాకిక్కడ ఉక్కపోస్తోంది."