సుగుణ సాక్ష్యం

నాలుగో లారీకి చేపలు సర్దుతుండగా సుగుణ రొంటిన దోపుకున్న ఫోను మోగింది. చేతులు ఐసులో ఉన్నాయి. ఒక వరస శీలావతులు, వాటి మీద ఒక పార ఐసు, మళ్ళీ ఒక వరస చేపలు. ట్రే నిండేదాకా ఆగడానికి లేదు. ఫోను ఆగింది, మళ్ళీ మోగింది. వరసగా రెండుసార్లు మోగిందంటే అది బడి నుంచే. పట్టపగలు ఆమెతో అంత పని ఉన్నవాళ్ళు ఆకివీడు మొత్తంలో వాళ్ళు తప్ప ఎవరూ లేరు.

"సుగుణ గారాండి? హెడ్మాస్టరు గారు ఒకసారి రమ్మంటున్నారండి," అంది ఆఫీసులో అమ్మాయి.

"ఏవైందండి? పిల్ల బళ్ళోనే ఉందా?"

"ఉందండి. ఇవాళ ఉందండి."

ఆ 'ఇవాళ' అన్న మాటకి సుగుణ పార వదిలేసి మేస్త్రీ దగ్గరికి నడిచింది. మధ్యాహ్నం నుంచి వెళ్ళిపోతే రోజు కూలి నాలుగు వందల యాభైలో సగమే ఇస్తానని గుర్తు చేసి పంపాడు.

చీర మార్చుకునే తీరిక లేదు. దోవలో రొయ్యలు వలిచే షెడ్డు ముందునుంచి నడిచింది. అక్కడ బెంచీ చివర తల వంచుకుని రొయ్య తల తుంచుతున్న పిల్లను సుగుణ ఎరుగును. నిరుడు తన కూతురు జాయ్సీ బళ్ళోనే తొమ్మిది చదివేది. పదిలోకి వెళ్ళబోయే ముందు తల్లిదండ్రులే ఇష్టపడి మానిపించారని చెప్పుకున్నారు. ఆ మాట విన్నప్పుడు, ఎలాంటి తల్లిదండ్రులో అనుకుంది సుగుణ.

బడి గేటు మీద బ్యానరు గాలికి టపటపా కొట్టుకుంటోంది. పదో తరగతిలో వరుసగా తొమ్మిదో ఏడాది వంద శాతం పాస్.

క్రీస్తుదాసు గారు గొంతు పెంచగా ఎవరూ వినలేదు. ఆయన్ని చూసి జనం భయపడేది కూడా అందుకే. బడికి హెడ్మాస్టరు, చర్చికి సంఘ పెద్ద.

"రండమ్మా, కూర్చోండి."

"కుర్చీ తడుస్తదండి," అని సుగుణ నిలబడే ఉంది.

బల్ల మీద జాయ్సీ సంచీ బోర్లించి ఉంది. మూతల్లేని పెన్నులు ఆరు. పెన్నుల్లేని మూతలు మూడు. సగం రాసిన లెక్కల నోట్సు, అందులోనే వెనక నుంచి మొదలుపెట్టిన సైన్సు. తల్లిదండ్రుల సంతకం కోసం పంపిన చీటీల ఉండలు. వాటిలో ఒక్కటీ ఇల్లు చేరలేదు. అన్నిటి పక్కనా ఒక పొడుగాటి తెల్ల ఈక. జాయ్సీ మూలన నిలబడి బెల్టు దారం లాగుతోంది. తల్లిని చూడగానే మొహం విప్పారింది.

"అమ్మా, నీ చెవి మీద పొలుసుందే. మెరుస్తంది," అంది.

సుగుణ గబుక్కున చెవి తుడుచుకుంది. క్రీస్తుదాసు గారు నవ్వారు.

"మంచి పిల్లేనమ్మా. కాదనను. కానీ హాజరు పిలిస్తే పలకదు. పక్కనున్న హర్షిణి మోచేత్తో పొడవాలి. పొడిస్తే 'ఏంటే' అంటుంది గానీ 'ప్రజెంట్' అనదు. సరే, అది చిన్న విషయం. గురువారం సంగతో?"

గురువారం ఇంటర్వెల్లు తర్వాత జాయ్సీ క్లాసులోకి రాలేదు. గూడబాతులు గుంపుగా కొల్లేటి వైపు ఎగిరి వెళ్తుంటే వాటి వెనకే నడుచుకుంటూ పోయింది. రెండు గంటల తర్వాత ఎవరో కాపలావాడు చేపల చెరువు గట్టున చూశాడు. చెప్పులు గట్టు మీద ఉన్నాయి, కాళ్ళు నీళ్ళలో ఉన్నాయి. ఇంకో రెండడుగులు దిగితే నిలువు లోతు.

"ఇది చెరువుల ఊరమ్మా. ఒకసారి దొరికింది. ప్రతిసారీ దొరకాలని ఎక్కడుంది?" అన్నారాయన. ఎంత మెత్తగా అన్నారంటే, ఆ మాటకి అర్థం తలకెక్కడానికి సుగుణకు ఒక నిమిషం పట్టింది.

"అందుకేనండి ఏలూరు డాక్టరమ్మ ఆ కాగితం రాసిచ్చింది. మీరు సంతకం పెడితే మండలాఫీసుకు వెళ్తదంట. ముందు బెంచీలో కూర్చోబెట్టాలి, పని ఒక్కొక్కటే చెప్పాలి, పరీక్షలో కాస్త ఎక్కువ టైమివ్వాలని రాశారు కదండి."

ఆయన సొరుగు తెరిచి ఆ కాగితం తీశారు. నవంబరులో ఇచ్చింది ఫిబ్రవరిలోనూ మడత నలగకుండా ఉంది.

"ఎలా పెట్టనమ్మా? డిసెంబరులో మొదటి ఆదివారం మీరే కదా లేచి సాక్ష్యం చెప్పారు. దేవుడు నా బిడ్డను బాగుచేశాడన్నారు. రెండొందల మందిమి ఆమెన్ అన్నాం. ఈ కాగితమేమో బిడ్డకు ఇంకా బాగోలేదంటోంది. రెంటిలో ఒకటి అబద్ధమవ్వాలి కదా. ఏది అబద్ధమో మీరే చెప్పండి, అప్పుడు ఆలోచిద్దాం."

ఆయన ఇంకో కాగితం ముందుకు జరిపారు. టైపు చేసి సిద్ధంగా ఉంది. కుటుంబ కారణాల వల్ల మా అమ్మాయిని మా ఇష్టపూర్వకంగా ఈ పాఠశాల నుంచి మానిపించుకుంటున్నాము, ఆమె ఆరోగ్యం బాగున్నది, పాఠశాల మీద మాకు ఎటువంటి ఫిర్యాదు లేదు.

"సోమవారం సంతకం పెట్టి తెండి. తొందరేం లేదు. పేతురును అడిగానని చెప్పండి. మా బావమరిది చెరువు మీదేగా ఉండేది? నమ్మకంగా ఉంటాడని చెబుతుంటాడు."

పేతురు సుగుణ మొగుడు. తొమ్మిదేళ్ళుగా ఆ చెరువు కాపలాయే అతని బతుకు.

నిజం చెప్పాలంటే సుగుణ ఆ ఆదివారం అబద్ధమాడలేదు. సగం చెప్పి ఊరుకుంది. జాయ్సీ తీరు మొదట పసిగట్టింది సైన్సు చెప్పే రమణి టీచరు. "కొట్టకండి సుగుణ గారూ, ఈ పిల్లకు తెలివి తక్కువై కాదు, ఒకసారి ఏలూరులో చూపించండి," అని డాక్టరు పేరు రాసిచ్చింది. ఏలూరులో డాక్టరమ్మ గంటసేపు కూర్చోబెట్టి మాట్లాడింది. ఏడీహెచ్‌డీ అంది. పొగరూ కాదు బద్ధకమూ కాదు, పిల్ల మనసు ఒకచోట నిలవదు, మందుతో పాటు బడి కూడా చెయ్యందించాలి అంది. మాత్రలు మొదలుపెట్టిన మూడు వారాలకి జాయ్సీ రెండు చెప్పులతో ఇంటికొచ్చింది. లెక్కల పరీక్ష చివరిదాకా రాసింది. ఆ సంతోషం పట్టలేక సుగుణ చర్చిలో లేచి నిలబడింది. దేవుడి పేరు చెప్పింది, మాత్రల పేరు మింగేసింది. ఆడపిల్ల, పిచ్చి మాత్రలు వాడుతోందంటే ఊరు ఊరుకుంటుందా?

ఊరుకోలేదు. మరుసటి వారం పక్కింటామె గూట్లో మాత్రల అట్ట చూసింది. "సాక్ష్యం చెప్పాక ఇంకా మాత్రలేంటే సుగుణా? అంటే నీకే నమ్మకం లేదన్నమాట," అంది. సుగుణ సిగ్గుతో చచ్చిపోయింది. ఆ సాయంత్రమే అట్ట తీసి బియ్యం డబ్బాలో కప్పెట్టింది. తనను అడక్కుండా ఆపొద్దని డాక్టరమ్మ మరీ మరీ చెప్పిన మాట గుర్తు రాకపోలేదు. గుర్తొచ్చినా చేసిన తప్పది. దానికి ఎవరినీ అనడానికి లేదు.

గేటు దగ్గర రమణి టీచరు ఎదురైంది. అటూ ఇటూ చూసి దగ్గరికొచ్చింది.

"సంతకం పెట్టకండి. ఆరోగ్యం బాగుందని మీ చేత్తో మీరే రాసిచ్చినట్టవుతుంది. ఇంకే బడికి వెళ్ళి సాయం అడిగినా ఇదే చూపిస్తారు. నిరుడు ఇద్దరి చేత ఇలాగే పెట్టించారండి." అంతలోనే వరండాలో ఎవరో కదిలారు. రమణి పుస్తకాలు సర్దుకుంటూ వెళ్ళిపోయింది.

సుగుణకు రొయ్యల షెడ్డులో బెంచీ చివరి పిల్ల గుర్తొచ్చింది. ఎలాంటి తల్లిదండ్రులో ఇప్పుడు తెలిసింది.

శనివారం సాయంత్రం పేతురు చెరువు మీదికి బయలుదేరుతూ, దుప్పటి భుజాన వేసుకుని గుమ్మంలో ఆగిపోయాడు.

"పెట్టెయ్యవే. ఆడపిల్ల, పది చదవకపోతే ఏవైపోద్ది? నాకు ఆ చెరువు లేకపోతే మనం ఏం తింటాం?"

"ఏం తింటామో నాకూ తెలీదు. దాన్ని ఎక్కడ పెడతాం, అది చెప్పు. ఇంట్లో కట్టేత్తావా? షెడ్డులో కూర్చోబెడతావా? కత్తులూ ఐసు మిషనూ మధ్యన, ఎటు చూత్తదో తెలీని పిల్లని?"

జాయ్సీ తండ్రి టార్చిలైటు విప్పి బ్యాటరీలు ఎటు నుంచి ఎటు పెట్టాలో చూస్తోంది. పేతురు ఆ బ్యాటరీలు పెట్టించుకుని, కూతురి తల నిమిరి వెళ్ళిపోయాడు. అతను మలుపు తిరిగాక సుగుణ బియ్యం డబ్బాలోంచి అట్ట తీసి, దాని వెనక రాసి ఉన్న నంబరుకు ఫోను చేసింది. డాక్టరమ్మ తిట్టలేదు. మంగళవారం పిల్లను తీసుకురమ్మంది.

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల వేళ వచ్చింది. పాస్టరు వరదానం గారు మైకు పట్టుకుని, ఎవరైనా చెప్పేవాళ్ళున్నారా అని అడిగారు. ముందు వరస కుర్చీలో క్రీస్తుదాసు గారు కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నారు. సుగుణ లేచింది. మైకు దాకా నడిచేసరికి జాయ్సీ కూడా వెనకే వచ్చేసింది. బయట విడవడం మరిచిందేమో, ఒక కాలికి ఇంకా చెప్పుంది.

"డిసెంబరులో నేను సాక్ష్యం చెప్పానండి. అందులో ఒకటి దాచాను. నా బిడ్డకు మాత్రలు వేశానండి. ఏలూరు తీసుకెళ్ళాను. దేవుడు చేశాడనే ఇప్పటికీ అంటాను. ఆ డాక్టరమ్మ చేత, ఆ మాత్రల చేత చేశాడు. మీరేమనుకుంటారో అని మాత్రలు దాచాను, తర్వాత ఆపేశాను. ఆపాక పిల్ల మళ్ళీ మొదటికొచ్చింది. మొన్న చెరువులో పోవాల్సింది."

ఎవరూ ఆమెన్ అనలేదు. ఎక్కడో చంటిపిల్ల ఏడుస్తోంది. పాస్టరు గారు మైకు లాక్కోలేదు, సుగుణ మొహంకేసి చూడనూ లేదు.

"క్రీస్తుదాసు గారండీ," అని సుగుణ ఆయన వైపు తిరిగింది. "ఏది అబద్ధమో చెప్పమన్నారు. నేను దాచింది అబద్ధమండి. డాక్టరు కాగితం నిజమండి. దాని మీద మీరు సంతకం పెట్టాలి. దీని మీద నేను పెట్టను." టైపు కాగితాన్ని ఆయన పక్క ఖాళీ కుర్చీలో పెట్టింది.

ఆయన కోప్పడలేదు. కాగితం తీసుకుని, అంచులు సరిచేసి, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. "పాట పాడుకుందాం," అన్నారు పాస్టరు గారు. సుగుణ తన చోటికి వెళ్ళేసరికి అటు పక్కా ఇటు పక్కా చాప ఖాళీగా ఉంది.

ఆ సాయంత్రం పేతురు వెళ్ళిన దారినే తిరిగొచ్చాడు. దుప్పటీ టార్చిలైటూ గుమ్మంలో పెట్టి కూర్చున్నాడు. వేరే వాణ్ణి పెట్టుకున్నారంట అన్నాడు. తిడతాడని చూసింది సుగుణ. అతను జాయ్సీ రెండో చెప్పు ఎక్కడుందో వెతకడానికి లేచాడు.

సోమవారం పొద్దున్న బడి గేటు సగమే తీసి ఉంది. కాపలా తోమా అడ్డంగా నిలబడ్డాడు.

"మీ అమ్మాయిని లోపలికి పంపొద్దన్నారమ్మా. నన్నేం చెయ్యమంటారు చెప్పండి," అన్నాడు నేల చూపులు చూస్తూ.

"మానిపిత్తన్నానని నేనెక్కడా సంతకం పెట్టలేదు తోమాగారూ. ఇక్కడే ఉంటాం."

గేటుకు ఎదురుగానే జాయ్సీ వాళ్ళ తొమ్మిదో తరగతి. కిటికీలోంచి రమణి టీచరు కనిపిస్తోంది, హాజరు పిలుస్తోంది. సుగుణ సంచీని గుండెకు పట్టుకుని నిలబడింది. జాయ్సీ గేటు మీద లేచిన రంగు పెచ్చుల్ని గోటితో ఊడదీస్తోంది.

"గ్రేస్."

"ప్రజెంట్ టీచర్."

"హర్షిణి."

"ప్రజెంట్ టీచర్."

హర్షిణి తర్వాత రావాల్సింది జాయ్సీ పేరు. రమణి ఒక క్షణం ఆగింది. రిజిస్టరులోకే చూస్తోంది. తర్వాత ఆ పేరు దాటేసి, "కీర్తన," అంది.

జాయ్సీ గోరు ఆగిపోయింది. తలెత్తి, రెండు చేతులతో గేటు ఊచలు పట్టుకుంది.

"ప్రజెంట్ టీచర్!"

క్లాసంతా కిటికీ వైపు తిరిగింది. "ఏడాదంతా పిలిస్తే పలకలేదంట కదమ్మా ఈ పిల్ల," అన్నాడు తోమా మెల్లిగా. సుగుణ కూతురి భుజం మీద చెయ్యి వేసింది గానీ ఊరుకోమనలేదు.

వరండా అటు చివర క్రీస్తుదాసు గారు గది లోంచి బయటికొచ్చారు. చేతులు వెనక్కి కట్టుకుని, తొందరేమీ లేనట్టు క్లాసు వైపు నడుస్తున్నారు.

"ప్రజెంట్ టీచర్," అంది జాయ్సీ మళ్ళీ.

రమణి చేతిలో కలం అలాగే ఉంది. రిజిస్టరు ఇంకా తెరిచే ఉంది.