మణికట్టు మీద మచ్చ

మా అన్నయ్య బాపయ్య అమ్మను కొట్టుగదిలో పెట్టి గొళ్ళెం వేశాడని తెలిసిన రోజు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ చల్లారలేదు. ఎనభై ఆరులో, మిరపకాయలు కల్లాల్లో ఎండుతున్న రోజులు. మా అమ్మ వెంకటేశ్వరమ్మకు పుట్టు చెవుడు, మాట రాదు. ఎర్రకాయల్లోంచి తెల్లబారిన తాలుకాయలు ఏరడంలో నలభై ఏళ్లు ఆమెను మించినవాళ్లు లేరు. అలాంటిది ఆ ఏడు ఏరిన తాలంతా తెచ్చి మళ్లీ మంచి కాయల్లో కలిపేసింది. రెండుసార్లు కల్లం వదిలేసి చిలకలూరిపేట రోడ్డెక్కి పోయింది.

“పొగరు! అంతా తెలిసే చేస్తంది,” అన్నాడు అన్నయ్య.

“జబ్బేమో అన్నయ్యా. నాతో పంపించు, నేను చూసుకుంటా.”

“కొడుకు బతికుండగా కూతురింటికి పంపితే ఊళ్లో నా మొహాన ఉమ్మెయ్యరా? జబ్బని డాక్టరు కాగితం రాసిస్తే తీసుకుపో జయా. లేకపోతే ఆ గదే.”

ఆ కాగితం కోసమే అమ్మను గుంటూరు తీసుకెళ్లాను. నా మీద నమ్మకం లేక అన్నయ్యా వెంట వచ్చాడు.

డాక్టరు రాధాకృష్ణమూర్తి అమ్మ చెవి దగ్గర నోరు పెట్టి, “నీ పేరేంటమ్మా?” అని అరిచాడు. అమ్మ ఆయన పళ్లు చూసి నవ్వింది. చెవిటిదని చెప్పాక కూడా ఈ అరుపేమిటని నాకు ఒళ్లు మండింది.

“మా సైగలు మా ఇంట్లో పుట్టినవండీ. మీరు అడగండి, నేను చేసి చూపిస్తా,” అన్నాను.

మా ఇంట్లో పేర్లు కూడా చేతుల్లోనే ఉంటాయి. అన్నయ్యంటే మీసం దువ్వడం. చిన్నప్పుడు గంజి పడి నా ఎడమ మణికట్టు కాలింది. ఆ మచ్చ ఉన్నచోట రెండు వేళ్లతో రుద్దితే నేను.

ఆయన అడిగాడు, నేను చేశాను, అమ్మ జవాబు చెప్పింది. కొడుకెవరు? మీసం దువ్వింది. ఏం పంట? మిరపకాయ తొడిమ తుంచినట్టు చేసింది. ఈమె ఎవరు? మణికట్టు రుద్దుకుంది. పిచ్చిదాన్ని, నాకు గర్వంగా కూడా అనిపించింది.

“జ్ఞాపకం శుభ్రంగా ఉంది. పుట్టు చెవుడు కదా, వీళ్లకి మొండితనం మామూలే,” అంటూ కాగితం మీద అదే రాశాడు. అన్నయ్య నా వైపు చూసి కండువా దులిపాడు.

అప్పుడు పక్కన నిలబడ్డ నర్సు గుల్జార్ బేగం మెల్లిగా అంది. “ఏమనుకోకమ్మా. ముందు మీరు చేస్తున్నారు, పెద్దామె అదే తిరిగి చేస్తంది.”

“మా సైగలు నీకేం తెలుసు?” అని ఆమె మీద విరుచుకుపడ్డాను.

అన్నాక నా చేతులు నాకు గుర్తొచ్చాయి. కొడుకెవరని అడగడానికి మీసం దువ్వింది నేనే. నేనెవరినని అడగడానికి నా మచ్చ రుద్దుకుందీ నేనే. ఈ ఒక్కరోజే కాదు. ఏడాదిగా పుట్టింటికి వచ్చినప్పుడల్లా, అమ్మ చెయ్యి మధ్యలో ఆగితే మిగతా సగం నేనే పూర్తి చేస్తున్నాను. అన్నయ్య అమ్మను దాచాడు, నేను అమ్మ జబ్బును దాచాను. అందరి మీదా ఉన్న కోపం నా మీదికే తిరిగింది.

“మళ్లీ అడగండి,” అన్నాను.

“ఇంకా ఎంతమంది ఉన్నారో చూశావా బయట?”

“ఆ కాగితంతో పంపితే ఆమెని గదిలో పెట్టి గొళ్ళెం వేస్తారండీ! మీరే వేలితో చూపించి అడగండి. నేను చెయ్యెత్తను.” రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

డాక్టరు విసుగ్గా అన్నయ్యను చూపించి, ఎవరన్నట్టు తల ఎగరేశాడు. అమ్మ నా చేతుల కోసం వెతికింది. అవి కనబడక తన చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఆయన నన్ను చూపించాడు. అమ్మ నా ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత మర్యాదగా నవ్వి, వేళ్లు కలిపి నోటి దగ్గర పెట్టుకుని, రోడ్డు వైపు చూపించి అరచెయ్యి తిప్పింది.

“ఏమంటోంది?” అన్నాడు డాక్టరు.

కాగితం కోసం పోట్లాడింది నేనే కదా, చెప్పాను.

“‘అన్నం తిన్నావా అమ్మాయ్, మీది ఏ ఊరు?’ అంటోందండీ.”

రాసింది కొట్టేసి, జబ్బేనని ఆయన కొత్తగా రాశాడు. అన్నయ్య చదువుకుని, అమ్మను తీసుకుపొమ్మన్నాడు. బస్టాండులో నేను బస్సెక్కించబోతుంటే అమ్మ ముందు నిలబడి మీసం దువ్వాడు. అమ్మ కూడా అలాగే దువ్వింది.

“చూశావా, నన్ను గుర్తుపట్టింది!” అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ.

చెంప పగలగొట్టాలనిపించింది. కానీ ఏడాది పాటు నేనూ అలాగే సంబరపడ్డాను.